ఏవిస్ చెవుల్లో లేని చప్పుడు

రికార్డుల వెనక ఏదో చప్పుడొస్తోందన్న పాపానికి, ఏవిస్ చెవుల్లో దోషముందని నలుగురు తేల్చారు. రికార్డు ప్లేయర్లు బాగుచేసే షాపువాడు, కరెంటు మేస్త్రి, చెవుల డాక్టరమ్మ, మొగుడు. మొదటి ముగ్గురూ ఆ మాట ఒక్కొక్కసారి, మర్యాదగా, నసుగుతూ చెప్పారు. మొగుడు లయల్ నోస్కె మాత్రం నసగలేదు. రాత్రి భోజనం దగ్గర, బండిలో, చర్చి మెట్ల మీద, ఎక్కడ ఆ ఊసొస్తే అక్కడే అన్నాడు. "చప్పుడు నీ చెవుల్లోనే ఉంది" అన్నాడు. "నాకు వినపడనిది నీకెలా వినపడుతుంది" అన్నాడు.

చివరికి ఆమె ఆ ఊసెత్తడం మానేసింది. రికార్డులు పెట్టడమూ మానేసింది. ముప్పై ఏళ్లు చర్చిలో ఆర్గాన్ వాయించిన మనిషి, ముందుగదిలో ఉన్న ప్లేయరు మీద తెల్ల గుడ్డ ఒకటి కప్పి ఊరుకుంది. అది చూసి లయల్, పోనీలే, గోల వదిలిందనుకున్నాడు.

ఆమె చనిపోయిన ఎనిమిదో నెలలో ఆ చప్పుడు అతనికి వినపడింది.

వినాలని విన్నది కాదు. చర్చివాళ్ల పాత సామాన్ల కొట్టుకి ప్లేయరూ రికార్డులూ ఇచ్చేద్దామనుకున్నాడు. పనిచేయని వస్తువు ఇచ్చాడని రేపు ఎవరూ అనకూడదు కాబట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం గుడ్డ తీసి, చేతికందిన రికార్డు పెట్టి, ముల్లు దించాడు. పియానో మొదలైంది. దాని కింద, పొరుగూరి పిండిమర తిరుగుతున్నట్టు గుంయ్‌మని ఒక హోరు. ఆ హోరు మీద, సెకనుకు కాస్త ఎడంగా, టక్. టక్. టక్.

లయల్ కుర్చీలో కూర్చుండిపోయాడు. పియానో మెత్తగా మోగే చోటల్లా ఆ టక్కు మేకులాగా దిగుతోంది. రికార్డు ఒక పక్క అయిపోయింది. ముల్లు లేచింది. పియానో ఆగింది కానీ హోరు ఆగలేదు, టక్కు ఆగలేదు.

అతనికి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఉన్న చప్పుడును లేదన్నారు నలుగురూ. ఆమె ఆ మాట మోసుకుంటూనే పోయింది. ఇప్పుడా చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టాలి. ఎవడి పని అయితే వాడి మొహం మీద అడగాలి. ఆ నలుగురిలో తానూ ఒకడినన్న సంగతి అతనికి తెలుసు. ముందు మిగిలినవాళ్ల లెక్క తేల్చాలనుకున్నాడు.

లయల్ చదివింది ఒకే గది, ఒకే పంతులమ్మ ఉన్న బడిలో, ఏడో తరగతి దాకా. కానీ నలభై ఏళ్లు పాడి నడిపినవాడు. తెల్లవారుజామున నూరు ఆవులు పొదుగులు బిగిసి నిలబడి ఉండగా పాలు పితికే యంత్రం ఆగిపోతే, పట్నం నుంచి మేస్త్రి వచ్చేదాకా కూర్చోలేం. ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవాలి. ఏది విప్పితే చప్పుడు ఆగుతుందో దానిదే దోషం. ఇందులో చదువేమీ లేదు, ఓపిక ఉంటే చాలు. అతనికి మనుషుల దగ్గర లేని ఓపిక యంత్రాల దగ్గర ఉంది.

మొదట ఫ్రిజ్ తీగ పీకాడు. హోరు అలాగే ఉంది. టీవీ పీకాడు, దాని యాంటెన్నా తీగా పీకాడు. అలాగే ఉంది. ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, ఆంప్లిఫయరు ఒక్కటే ఉంచాడు. శబ్దం పెంచే మీట పూర్తిగా తగ్గిస్తే హోరు పోయింది. అంటే ఆంప్లిఫయరుది కాదు, దాని ముందున్న దానిది. ప్లేయరు తీగలు ఊడదీశాడు. హోరు చచ్చింది. ప్లేయరు వెనక్కి తిప్పి టార్చి వేసి చూశాడు. దారంలా సన్నటి ఎర్తు తీగ ఒకటి దాని వెనక వేలాడుతోంది. ఆంప్లిఫయరు వెనక స్క్రూ కింద ఉండాల్సిన తీగ అది. స్క్రూ గట్టిగానే బిగించి ఉంది, దాని కింద తీగ లేదు. అయిదేళ్ల కిందట షాపులో మూడు వారాలు ఉంచి, బాగుచేశామని చెప్పి, ఇంటికి తెచ్చి బిగించి వెళ్లారు.

స్క్రూ వదులు చేసి తీగ కింద పెట్టి బిగించాడు. హోరు కోసేసినట్టు ఆగిపోయింది.

టక్కు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే ప్లేయరునీ ఆంప్లిఫయరునీ బండి ముందు సీట్లో పెట్టి, బెల్టు కూడా వేసి, గాంబియర్ పట్నం వెళ్లాడు. షాపు ట్రెలోర్ అనేవాడిది. తండ్రి పోయాక అతనే చూసుకుంటున్నాడు.

"నోస్కె గారూ, ఏవిస్ గారి సంగతి విన్నానండీ, చాలా..."

"ఆవిడ సంగతికి రాలేదు. నీ సంగతికొచ్చా." ప్లేయరు బల్ల మీద పెట్టాడు. "ఈ తీగేంటి?"

"ఎర్తు తీగండీ."

"ఇదెక్కడుండాలి?"

"ఆంప్లిఫయరు స్క్రూ కింద."

"నిన్న మధ్యాహ్నం దాకా ఎక్కడుందో తెలుసా? గాలికి ఊగుతూ ఉంది. స్క్రూ మటుకు భేషుగ్గా బిగించావు. ఆవిడొచ్చి గుంయ్‌మంటోందయ్యా అంటే, ఏమన్నావు?"

ట్రెలోర్ మెడ గోక్కున్నాడు. "వయసు మీద పడ్డాక కొందరికి..."

"నీకెన్నేళ్లు?"

"నలభై ఏడండీ."

"నలభై ఏడేళ్లొచ్చినా స్క్రూ కింద తీగ పెట్టడం రాలేదు. పక్కవీధిలోనే కళ్లద్దాలవాళ్లున్నారు, ఓసారి చూపించుకో."

బ్యాటరీలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అల్మరాల వెనక్కి తప్పుకున్నారు. ట్రెలోర్ మొహం కందగడ్డలా అయింది. అయినా మాట తప్పించుకోలేదు. "ఆ తీగ నా తప్పేనండీ. ఆవిడుండగా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను" అన్నాడు.

"ఇప్పుడు చెబితే ఎవరికి? నాకా?" అన్నాడు లయల్. "టక్కు సంగతి చూడు."

ట్రెలోర్ రెండింటినీ అక్కడే కలిపి, షాపు స్పీకర్లకు తగిలించి, రికార్డు పెట్టాడు. పియానో శుభ్రంగా మోగింది. చెవి దగ్గర పెట్టి విన్నా టక్కు లేదు.

"ఇది సామాన్లది కాదండీ, మీ ఇంటిది. కరెంటు కంచెదై ఉంటుంది, సెకనుకోసారి తీగలోకి కరెంటు కొడుతుంది కదా."

"నా కంచె ఆర్పేసి ఏడు నెలలైంది. ఆవుల్నమ్మేశాను."

"పక్కవాళ్లది?"

"పక్కవాడి కంచె పక్కవాడి పొలంలో ఉంటుంది. నా స్పీకర్లో దానికేం పని?"

"అదే కనుక్కోవాలండీ" అన్నాడు ట్రెలోర్. లయల్ సామాన్లు చంకన పెట్టుకుని, వస్తానని కూడా అనకుండా బయటికొచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో రేడియో పెట్టాడు. పట్నం దాటి, పైన్ చెట్ల తోటలు దాటి, గడ్డి భూములు మొదలవగానే వార్తల వెనక టక్కు మొదలైంది. ఒక పొలం దాటితే సన్నగిల్లి, ఇంకో పొలం రాగానే మళ్లీ గట్టిగా. నలభై ఏళ్లుగా ఆ దారిలో తిరుగుతున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కరోజు వినలేదు. ఆ వైపు పుట్టినవాళ్లెవరూ వినరు. ఉగ్గుపాలతోపాటే చెవిలో పడ్డ చప్పుడు అది. రేడియోలో పశువుల ధరలు చెబుతుంటే మధ్యలో టక్కుమంటే, ఊపిరి పీల్చినట్టే, పట్టించుకోరు. అది ఆగితేనే ఉలిక్కిపడి కంచె తెగిందేమోనని లేస్తారు. సొంత కంచె ఏడు నెలలుగా ఆగి ఉండబట్టే లయల్‌కి ఇప్పుడు వినపడుతోంది. ఏవిస్ అడిలైడ్‌లో ట్రాము పట్టాల పక్కన పెరిగిన పిల్ల. ఆమె చెవికి అది అలవాటు కాలేదు. నలభై ఏళ్లు కాపురం చేసినా అలవాటు కాలేదు. నలుగురు చెవులున్న చెవిటివాళ్లు చేరి, వినపడే మనిషికి చెవుడు అంటగట్టారు.

ఇంటికొచ్చి లయల్ చేసిన పని, కంచె ఎక్కడ తెగిందో వెతికేటప్పుడు ఆ చుట్టుపక్కల అందరూ చేసేదే. బ్యాటరీ రేడియో తీసుకుని, ఏ స్టేషనూ రాని చోట ముల్లు నిలిపి, పొలంలోకి నడిచాడు. దోషం ఉన్న చోటికి దగ్గరయ్యేకొద్దీ టక్కు గట్టిపడుతుంది. ఇంటి దగ్గర టక్. నీళ్ల ట్యాంకు దగ్గర కాస్త గట్టిగా. ఇంట్లోకి నీళ్లొచ్చే ఇనప పైపు వెంట నడిస్తే, అడుగడుగుకీ పెరుగుతూ పోయింది. సరిహద్దు కంచె పక్కనున్న బోరు షెడ్డు చేరేసరికి రేడియో చేతిలో పగిలిపోతుందేమో అన్నట్టు కొట్టుకుంటోంది.

షెడ్డు తలుపు తీశాడు. బోరు గొట్టానికి ఒక పట్టీ బిగించి ఉంది. దానినుంచి ఆకుపచ్చ తొడుగున్న తీగ గోడ కన్నంలోంచి బయటికి, కంచె రాటల వెంబడి రెక్స్ పీక్ పొలంలోకి పోతోంది. పక్క పొలంవాడి కంచె కరెంటు తన బోరు గొట్టంలో దిగి, పైపు పట్టుకుని, తన ఇంటి ఎర్తులోకి ఎక్కి, ఆమె స్పీకర్లలో తేలుతోంది.

"దొంగ వెధవ" అన్నాడు లయల్ పైకే.

అప్పుడు పట్టీ చివర తీగ చుట్టిన తీరు చూశాడు. రెండుసార్లు ఎడమకి, ఒకసారి కుడికి, కొస లోపలికి మడిచి. ఆ చుట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ చుట్టరు. అతని చేతి చుట్టు.

ఆరేళ్ల కిందటి ఫిబ్రవరి, అక్కడ నడి వేసవి. అయిదు నెలలుగా చినుకు లేదు. ఆ సున్నపురాతి నేల ఎండితే, అందులో దిగేసిన ఎర్తు కడ్డీలు ఉన్నా లేనట్టే. కంచెలో కరెంటు చీమ కుట్టినంత కూడా లేకపోయింది. రెక్స్ కోడెలు తీగల్ని నెట్టుకుని రోజూ లయల్ లూసర్న్ గడ్డిలో పడుతున్నాయి. నాలుగో రోజు లయలే పానా పట్టుకెళ్లి, "నీ కడ్డీలు ఎండు సున్నంలో నిలబడ్డాయిరా, వాటికి ఎర్తెక్కడిది? నా బోరు గొట్టానికి కట్టు. రెండొందల అడుగులు నీళ్లలో దిగింది" అన్నాడు. ఇంటి నీళ్ల పైపులకి కట్టొద్దని కంచెకి కరెంటిచ్చే పెట్టె మీద రాసుందని రెక్స్ అంటే, "ఆ రాసినవాడికి కోడెలున్నాయా?" అని తనే బిగించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. బీరు తాగారు. ఆ సాయంత్రం నుంచే కోడెలు కంచె దాటలేదు.

ఆ శీతాకాలంలోనే ఏవిస్ మొదటిసారి, "ఏదో టక్కుమంటోంది, విన్నావా" అంది.

లయల్ రేడియో ఆపాడు. షెడ్డు తలుపు మూశాడు. తర్వాత కంచె దాటి రెక్స్ ఇంటివైపు నడిచాడు. కట్టింది తనే, సరే. కానీ ఆ తర్వాత వానలు పడలేదా? ఆరేళ్లు దాన్ని అలాగే ఉంచినవాడెవడు? ఆ సగం తప్పన్నా ఒకడి నెత్తిన పెట్టకపోతే ఆ రాత్రి గడవదనిపించింది.

రెక్స్ షెడ్డు ముందు పీపా మీద కూర్చుని రంపం గొలుసుకి ఆకురాయి పెడుతున్నాడు.

"నా బోరు మీద నీ తీగ ఉంది" అన్నాడు లయల్.

"ఉంది."

"ఎన్నాళ్లుగా?"

"నువ్వు కట్టినకాణ్ణుంచి."

"ఆరు వానకాలాలు పోయాయి. తీసెయ్యాలని తోచలేదా నీకు? బుర్రలో గుజ్జుందా, గడ్డుందా?"

"తోచింది. తీస్తానన్నా. వద్దంది."

"ఎవరు?"

రెక్స్ ఆకురాయి కింద పెట్టాడు. "ఇంకెవరు. ఏవిస్."

లయల్ గొంతు విని రెక్స్ పెళ్లాం గ్లెనిస్ చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆమెకీ లయల్‌కీ ఏనాడూ పొసగలేదు. "చెప్పెయ్ రెక్స్. ఇంకా దాచి ఎవర్ని బతికించాలి" అంది.

రెక్స్ చెప్పాడు. మూడేళ్ల కిందట ఏవిస్ వాళ్లింట్లో టీ తాగుతూ ఉన్నట్టుండి కప్పు దించి, వేలితో బల్ల మీద తాళం వేసింది. షెడ్డులో కంచె పెట్టె టక్కుమంటోంది. రెండూ ఒకటే తాళం. లేచి షెడ్డులోకెళ్లి పెట్టె ముందు నిలబడి, "ఇదా" అంది. ఆర్గాన్ వాయించిన చెవి. ఆర్పి చూద్దాం, ఇంటికెళ్లి విను అన్నాడు రెక్స్. వెళ్లి వింది, టక్కు లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆమె మొహం అంత తేటగా ఎప్పుడూ చూడలేదన్నాడు.

"అప్పుడే ఆ తీగ తీసేస్తానన్నానురా నేను. రేపే తీస్తా అన్నా. వద్దంది."

"ఎందుకు వద్దంది?"

రెక్స్ పెళ్లాం వైపు చూశాడు. గ్లెనిస్ చెప్పింది. "'తీస్తే ఆయనకి తెలుస్తుంది. తెలిస్తే ఆ సంగతి ఏడాది పొడుగునా నేను వినాలి. దానికన్నా ఈ టక్కే నయం' అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం."

బుధవారాలు లయల్ పశువుల సంతకి పోయేవాడు. ఒంటిగంటకి రెక్స్ కంచె ఆర్పేవాడు. మూడింటికి మళ్లీ వేసేవాడు. ఆ రెండు గంటలూ ఏవిస్ గుడ్డ తీసి రికార్డులు పెట్టుకునేది. గ్లెనిస్ వెళ్లి పక్కన కూర్చునేది. రెండేళ్లు, ఆమె మంచం పట్టేదాకా.

"హోరో?" అన్నాడు లయల్. "గుంయ్‌మనే హోరు?"

"అది ఉండేది. 'హోరుకి తాళం లేదు, భరించొచ్చు' అనేది."

లయల్ రెక్స్ వైపు తిరిగాడు. "నువ్వు నాకు చెప్పాల్సింది."

"చెప్పొద్దంది."

"ఆమె వద్దంటే? నలభై ఏళ్లుగా పక్క పొలంవాణ్ణి. నువ్వు చెప్పాల్సింది."

"చెబితే ఏమనేవాడివి? నీ చెవుల్లో కూడా పడిందా రోగం అనేవాడివి."

రెక్స్ అన్నది అక్షరాలా నిజం. లయల్ అదే అనేవాడు, సరిగ్గా ఆ మాటలతోనే.

"ఆమె పోయాకన్నా తియ్యొచ్చుగా" అన్నాడు.

"వినేవాళ్లెవరున్నారని? నీకు వినపడదుగా."

గ్లెనిస్ గుమ్మం దిగి వచ్చింది. "లోపలికి రా, టీ పెడతాను" అంది. ఆ ఇంట్లోకి అతన్ని ఆమె అలా పిలవడం ఎన్నేళ్లకో.

"టీ వద్దు." గుమ్మం ఎక్కలేదు. "ఆ రెండు గంటలూ నా గురించి ఏమనేది?"

"ఏమీ అనేది కాదు."

"అబద్ధం చెప్పకు. తిట్టి ఉంటుంది."

"తిడితే చెప్పేదాన్ని, నాకు సంతోషంగానే ఉండేది. రెండేళ్లలో ఒక్కసారి కూడా నీ పేరెత్తలేదు లయల్. ఆ రెండు గంటలూ నువ్వు లేవు."

లయల్ వెనక్కి తిరిగాడు. బోరు షెడ్డుకి పోయి, పానాతో పట్టీ విప్పడం మొదలుపెట్టాడు. రెక్స్ వెనకే ఆయాసపడుతూ వచ్చాడు. "ఒక్క రోజాగరా. అటువైపు కడ్డీలు దిగేసుకోనీ. ఇప్పుడు తీస్తే కోడెలు రాత్రికి రాత్రే నీ గడ్డిలో ఉంటాయి."

"ఉండనీ" అన్నాడు లయల్. పట్టీ ఊడదీసి, తీగ చుట్టచుట్టి, కంచె మీదుగా రెక్స్ కాళ్ల ముందు పడేశాడు.

తెల్లారేసరికి పదకొండు కోడెలు లూసర్న్‌లో ఉన్నాయి. రెక్స్ వచ్చి తోలుకుపోయాడు. ఆ రోజంతా ఎండలో తన వైపు నేలలో ఆరు కడ్డీలు దిగేసి, పీపాలతో నీళ్లు తెచ్చి పోశాడు. లయల్ వరండాలో కూర్చుని చూశాడు. లేచి వెళ్లి సుత్తి పట్టలేదు. తనను తాను క్షమించుకోవాలని కూడా అతను చూడలేదు. ఎవరికీ ఇవ్వనిది తనకు మాత్రం ఎందుకిచ్చుకోవాలి.

రికార్డులు పాత సామాన్ల కొట్టుకి ఇవ్వలేదు. బుధవారం సంతకి వెళ్లలేదు. ఒంటిగంటకి కుర్చీలో కూర్చుని రికార్డు పెట్టాడు. హోరు లేదు, టక్కు లేదు. పియానో ఒక్కటే ఉంది. పక్క గదిలో ఎవరో బతికి వాయిస్తున్నంత శుభ్రంగా ఉంది. అయినా అతనికి అందులో ఏమీ దొరకలేదు. రెండు వందల పైచిలుకు రికార్డులున్నాయి. ఆమె ఏది వినేదో తెలియదు. నలభై ఏళ్లలో అడగలేదు. తర్వాతి బుధవారం మరో మూడు పెట్టాడు. ఆ పై బుధవారం ఇంకో నాలుగు. అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏదీ ఆమెది కాదన్నట్టు ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిణ్ణి అడగడం కన్నా చావు మేలనుకున్నాడు.

నాలుగో బుధవారం పన్నెండున్నరకి రెక్స్ వాళ్ల గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి వెళ్లలేదు. గ్లెనిస్ బట్టలారేస్తోంది.

"అది ఏ రికార్డు?" అన్నాడు.

ఆమె క్లిప్పులు నోట్లోంచి తీసింది. "చెప్పను. వచ్చి పెడతాను. ఒక్క షరతు. రికార్డు అయ్యేదాకా నువ్వు నోరు విప్పకూడదు."

"నా ఇంట్లో నాకు షరతా?"

"అయితే ఇంటికి పో."

లయల్ గేటు కొయ్య పట్టుకున్నాడు. "సరే" అన్నాడు.

ఆమె వచ్చింది. ఏవిస్ కుర్చీలో కూర్చోలేదు, కిటికీ పక్క స్టూలు లాక్కుంది. అది తన చోటని తెలిసినట్టే కూర్చుంది. లేచి, వెతుక్కోకుండానే కింది అరలోంచి ఒక రికార్డు తీసి పెట్టింది. పియానో చాలా నెమ్మదిగా మొదలైంది. ఒక స్వరం మోగి, ఆగి, చాలాసేపటి తర్వాత ఇంకొకటి. మధ్యలో ఉన్నదంతా నిశ్శబ్దమే. ఆ నిశ్శబ్దాల్లోనే టక్కు పడేదన్నమాట. దాని గురించే ఆమె అన్నాళ్లు మొత్తుకుంది.

లయల్ నోరు తెరిచాడు. ఇలాంటిదని ఆమె నాకు చెప్పి ఉండాల్సింది అనబోయాడు.

గ్లెనిస్ అతని వైపు చూడకుండానే వేలెత్తింది.

అతను ఆ మాట మింగాడు. మింగుడు పడలేదు. గొంతులోనే అడ్డంగా ఉండిపోయింది. ఆ పక్క అయిపోయేదాకా దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.